క్రీ పాటకి ఏడాదికి ఒక్క చరణమేనా?

తెలుగు సంఘం పత్రికలో ఆంగ్లికన్ చర్చి (ఇంగ్లండు చర్చి శాఖ) పాటల గొడవ ఏంటి అనుకోకండి. కెనడాలో ఉంటూ పిల్లలకి తెలుగు ఎలా నిలబెట్టాలా అని టెన్షన్ పడే మనం, ఇక్కడి ఆదివాసులైన క్రీ జనం పాటల పుస్తకాల సంగతి తెలుసుకోవాల్సిందే.

1840లో కెనడాలోనే ఉన్న నార్వే హౌస్ అనే ఊళ్లో జేమ్స్ ఎవాన్స్ అనే మెథడిస్టు మిషనరీ క్రీ భాషకి లిపి తయారుచేశాడని పుస్తకాల్లో ఉంటుంది. క్రీ పెద్దలు మాత్రం అది కాలింగ్ బ్యాడ్జర్ అనే తమ పెద్దాయన ద్వారా వచ్చిందంటారు. ఏదైతేనేం, టీ పెట్టెల్లోని సీసం కరిగించి అచ్చు అక్షరాలు పోసి, మసిలో చేపనూనె కలిపి సిరా చేసి, 1841లో ఎవాన్స్ అచ్చేసింది కీర్తనల పుస్తకమే. తర్వాత ఆంగ్లికన్లూ అదే లిపి పట్టుకున్నారు. 1851లో జేమ్స్ బే దగ్గరి మూస్ ఫ్యాక్టరీకి వచ్చిన జాన్ హోర్డెన్ క్రీ నేర్చుకుని ప్రార్థనలు, కీర్తనలు అచ్చేశాడు. ఆయన్ని పంపింది ఎవరో కాదు, 1841లో మన మచిలీపట్నానికి రాబర్ట్ నోబుల్‌ని పంపిన చర్చ్ మిషనరీ సొసైటీయే.

కడుపు మండేది ఇక్కడే. అదే మూస్ ఫ్యాక్టరీలో, అదే హోర్డెన్ పేరు పెట్టి, అదే చర్చి రెసిడెన్షియల్ స్కూలు నడిపింది. ఇళ్లనుంచి ఆదివాసుల పిల్లల్ని లాక్కెళ్లి పెట్టిన అలాంటి స్కూళ్లలో సొంత భాష మాట్లాడితే దెబ్బలు పడేవి. ఆదివారం ఆ భాషలో దేవుణ్ణి పాడొచ్చు, సోమవారం అదే భాషలో అన్నం అడగకూడదు! 1993లో చర్చి పెద్ద మైఖేల్ పియర్స్ క్షమాపణ చెప్పారు, సరే. కానీ పాట బతికింది దానివల్ల కాదు, ఎవరైనా చనిపోతే రాత్రంతా కూర్చుని పాడిన ముసలివాళ్లవల్ల. చాలా పుస్తకాల్లో మాటలే ఉంటాయి, బాణీ వాళ్ల గొంతులోనే ఉంది.

మరి నగరాల చర్చిల్లో? జూన్ 21న ఆదివాసుల దినం పేరుతో ఒక చరణం, అదీ ఇంగ్లీషు అక్షరాల్లో, ఆర్గన్ వేగానికి తగ్గట్టు తొందర తొందరగా. పాడేశాం, పనైపోయింది. ఎవరికీ అర్థం కాదుగా అంటారు, మరి లాటిన్ ముక్కలు ఏళ్ల తరబడి పాడుతున్నప్పుడు ఎంతమందికి అర్థమయ్యాయట? పాట మొత్తం క్రీ లిపిలోనే వేయండి, పక్కన ఇంగ్లీషులో భావం ఇవ్వండి, మామూలు ఆదివారాల్లో పాడండి, బాణీ క్రీ గాయకుల దగ్గర నేర్చుకోండి, నేర్పినందుకు డబ్బులివ్వండి.

మనమూ తక్కువ తినలేదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పురుషోత్తమ చౌదరి పాటలకి రాగం, తాళం అచ్చేసి ఉంటే, మనం క్రిస్మస్ కార్యక్రమంలో అవి చూడకుండా ఇంగ్లీషు అక్షరాల్లో తెరమీద వేసి కీబోర్డు బీట్‌తో లాగించేస్తాం. ఈ డిసెంబరులో తెరమీద తెలుగు అక్షరాలే వేద్దాం. చదవలేని పిల్లలు అమ్మమ్మ పక్కన నిలబడి విని పాడతారు.