చెయ్యి మంచిదే, నెలే మంచిది కాదు

"నా చేతికి మొక్కలు రావండీ" అనే మాట మనవాళ్ల నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. పెరట్లో ఇష్టపడి నాటిన పూలపొద మూడు నెలలు తిరక్కుండానే ఎండిపోతే, తప్పు చేతిమీద వేసుకుని ఊరుకుంటాం. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఇప్పుడు మాత్రం గట్టిగా చెబుతాను. చాలామంది విషయంలో తేడా వచ్చేది చేతి దగ్గర కాదు, నాటిన నెల దగ్గర.

మేముండేది జులైలో ఎండలు కాసి, చలికాలంలో నేల గడ్డకట్టే చోట. కొత్తింట్లో చేరిన మొదటి జులైలో, నర్సరీలో నిండా పూసి ఉన్న హైడ్రాంజియా అనే పూలపొదను చూసి ఆగలేక కొన్నాను. ఆ సాయంత్రమే నాటేశాను. మర్నాడు మధ్యాహ్నానికి ఆకులన్నీ వాలిపోయాయి. నీళ్లు పోస్తే రాత్రికి తేరుకునేది, మళ్లీ ఎండ ఎక్కగానే వాలేది. రోజూ అదే టెన్షన్. ఆగస్టు చివరికి ఆకులు అంచుల నుంచి మాడిపోతూ వచ్చి మొక్క పోయింది. తవ్వి చూస్తే, నాటి దాదాపు రెండు నెలలవుతున్నా మట్టిముద్ద అచ్చంగా కుండీ ఆకారంలోనే ఉంది. వేళ్లు గుండ్రంగా చుట్టుకునే ఉన్నాయి. ఒక్కటంటే ఒక్క వేరు కూడా పక్కమట్టిలోకి పోలేదు.

వేసవిలో నాటితే ఎందుకు కష్టమో నాకు అప్పుడు అర్థమైంది. నిండుగా ఆకులు, పూలు ఉన్న మొక్క ఎండలో పొద్దంతా నీటిని ఆవిరి రూపంలో వదులుతుంది. ఆ నీరంతా కుండీ అంత మట్టిముద్దలోంచే రావాలి. చుట్టూ ఎంత తడి ఉన్నా, వేళ్లు అక్కడిదాకా పోనంతవరకు అది మొక్కకు అందదు.

ఆకులు రాలే కాలంలో, అంటే వేసవి పోయి చలికాలం ఇంకా రాకముందు, పరిస్థితి తారుమారవుతుంది. గాలి చల్లబడుతుంది కానీ, వేసవంతా కాగిన నేల అంత తొందరగా చల్లారదు. పైన కొమ్మలు నిద్రకు పడుతుంటే కింద వేళ్లు పనిచేస్తూనే ఉంటాయి. నేల వేడి సుమారు 5 డిగ్రీల సెల్సియస్‌కు పైన ఉన్నంతకాలం చాలా పొదల వేళ్లు కొద్దికొద్దిగా పెరుగుతాయి. ఆకులకు నీళ్లు మొయ్యాల్సిన బరువు లేదు కాబట్టి మొక్క బలమంతా వేళ్లకే పోతుంది. అందుకే చలిని తట్టుకునే పూలపొదలకు, ముఖ్యంగా ఏటా ఆకు రాల్చేవాటికి, నా ఓటు ఎప్పుడూ ఈ కాలానికే. నేల గడ్డకట్టడానికి కనీసం ఆరు వారాల ముందు నాటడం పూర్తవ్వాలి. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్నవాళ్లకు ఈ కాలం మార్చి నుంచి మే దాకా వస్తుంది. చలికాలమే ఎరగని చోట్ల వానలు మొదలయ్యే వేళ ఈ పనే చేసిపెడుతుంది.

అన్నిటికీ ఇదే లెక్క అని మాత్రం అనను. మందార, గన్నేరు లాంటి చలికి ఓర్వని జాతులను గడ్డకట్టే చోట్ల ఆకురాలు కాలంలో నాటితే చేతులారా పోగొట్టుకున్నట్టే. వాటికి చివరి మంచు వెళ్లాక వచ్చే వసంతమే సరి. చలి గట్టిగా ఉండే చోట వెడల్పాకుల సతతహరిత పొదలకూ వసంతమే క్షేమం. రోడోడెండ్రాన్‌నే తీసుకోండి, శీతాకాలంలోనూ దాని ఆకులు నీటిని వదులుతూనే ఉంటాయి. నేల గడ్డకడితే వేళ్లు తాగడానికి ఏమీ దొరకదు. చలికి చచ్చిందనుకుంటాం కానీ చాలాసార్లు అది దాహంతో చచ్చిపోతుంది. ఇక మట్టి లేకుండా ఉత్త వేళ్లతో అమ్మే మొక్కలను అవి నిద్రలో ఉండగానే నాటాలి, చిగురు వేశాక కుదరదు.

పూలు ఉన్నప్పుడు కొంటే రంగు కళ్లారా చూసి ఎంచుకోవచ్చు కదా అంటారు. నిజమే. పూసినప్పుడు వెళ్లి చూడండి, పేరు రాసుకోండి, కొనడం మాత్రం రెండు మూడు నెలలు ఆపండి. నర్సరీలు పూతలో ఉన్న మొక్కను ముందు వరసలో పెట్టేది మన కన్ను పడాలని. ఆ సమయం మొక్కకు అనుకూలమా కాదా అన్నది మనమే చూసుకోవాలి.

నెల సరిగ్గా ఉన్నా ఆ రోజు మట్టి ఎలా ఉందో కూడా చూడాలి. పిడికెడు మట్టి తీసి నొక్కండి. వేలితో తాకితే ముద్ద పొడిపొడిగా విడిపోతే నాటొచ్చు. జిగురుముద్దలా అలాగే ఉండిపోతే రెండు రోజులు ఆగండి, తడిమట్టిని తొక్కితే వేళ్లకు గాలి ఆడదు. గుంత వేరుముద్దకు రెండు మూడింతల వెడల్పు ఉండాలి, లోతు మాత్రం ముద్దంతే చాలు. చుట్టుకుపోయిన వేళ్లను విడదీసి నాటండి. ఆకురాలు కాలంలో ఎరువు వెయ్యకండి, లేతచిగురు వచ్చి మంచుకు మాడుతుంది. పాదు మీద రెండు మూడు అంగుళాల మందాన ఎండుటాకులో చెక్కపొట్టో పరిచి, కాండానికి తగలకుండా చూస్తే చాలు. నేల గడ్డకట్టి కరిగేటప్పుడు కొత్తమొక్క పైకి తన్నుకురాకుండా అది కాపాడుతుంది.

మరుసటి ఏడాది అక్టోబరు మొదట్లో అదే చోట మళ్లీ హైడ్రాంజియా పెట్టాను, ఈసారి చలికి బాగా ఆగే రకం. పూలు లేవు, ఉన్న నాలుగు ఆకులూ రాలిపోయేలా ఉన్నాయి. ఇంట్లోవాళ్లు "ఈ పుల్లల్ని ఎందుకు తెచ్చావ్?" అన్నారు. మార్చిలో మంచు కరిగాక ఉండబట్టలేక పాదు అంచున మట్టిని వేలితో మెల్లగా పక్కకు తీశాను. పైన ఒక్క మొగ్గ కూడా కదల్లేదు. కింద మాత్రం దారప్పోగుల్లాంటి తెల్లటి వేళ్లు మట్టిముద్ద దాటి, నల్లమట్టిలోకి జానెడు దూరం పోయి ఉన్నాయి. మళ్లీ మట్టి కప్పేసి లోపలికి వచ్చాను.