హైదరాబాద్‌కు ఒక్క పూట చాలదు

ఊరి నుంచి చుట్టాలొస్తే హైదరాబాదీలు చూపించే వరస దాదాపు ఖాయం. పొద్దున గోల్కొండ, మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం చార్మినార్, లాడ్‌బజార్‌లో గాజుల బేరం. అందులో తప్పు పట్టాల్సింది లేదు. అంతటితో సరిపెట్టి పంపేయడం మాత్రం వచ్చినవాళ్లకు అన్యాయం.

సాలార్‌జంగ్ మ్యూజియానికి కనీసం ఒక పూటైనా కేటాయించాలి. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ జీవితమంతా పోగుచేసిన సంపద అది. 1951లో సాలార్‌జంగ్‌ల పాత నివాసమైన దివాన్ దేవిడీలో నెహ్రూ ప్రారంభించారు. 1968లో మూసీ ఒడ్డున ఉన్న ఇప్పటి భవనానికి చేరింది. గంటగంటకూ గడియారంలోంచి గడ్డం బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి వెళ్తుంటే పిల్లలూ పెద్దలూ కళ్లప్పగించి చూస్తారు. ఆ సందడి సద్దుమణిగాక కొయ్యబొమ్మ దగ్గరికి వెళ్లండి. ముందువైపు ఛాతీ విరుచుకుని మెఫిస్టోఫిలిస్, అంటే గోథే ‘ఫౌస్ట్’ నాటకంలోని సైతాను. వెనకున్న అద్దంలో చూస్తే, అదే దుంగలో తల వంచుకుని ఆ నాటకంలోని అమాయకురాలు మార్గరెట్టా. ఆ చెక్కడం ఎలా సాధ్యమైందో అర్థం కాక అటూ ఇటూ రెండుమూడు సార్లు తిరగాల్సిందే.

పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియాన్ని మనవాళ్లే పట్టించుకోరు. ఈజిప్టు మమ్మీ కోసమైనా పిల్లల్ని తీసుకెళ్లండి; పనిలో పనిగా శాతవాహనుల నాణేలు, కాకతీయుల శిల్పాలు వాళ్ల కంటపడతాయి. అసెంబ్లీ మెట్రో స్టేషన్‌లో దిగితే నడిచి వెళ్లేంత దూరమే.

ఇక కుతుబ్‌షాహీ సమాధులు. గోల్కొండ దాకా వెళ్లి వీటిని చూడకుండా వెనుదిరిగేవాళ్లను చూస్తే మాకు బాధేస్తుంది. తెలుగు కవులు మల్కిభరాముడని ప్రేమగా పిలుచుకున్న ఇబ్రహీం కుతుబ్‌షా ఇక్కడే ఉన్నాడు. అద్దంకి గంగాధర కవి కావ్యం అంకితమిచ్చింది ఆయనకే. రామదాసు కథతో మనందరికీ తెలిసిన తానీషా సమాధి మాత్రం ఇక్కడ ఉండదు. 1687లో గోల్కొండ పడిపోయాక ఆయన దౌలతాబాద్‌లో బందీగానే కన్నుమూశాడు. ఆగాఖాన్ ట్రస్టు ఏళ్ల తరబడి శ్రమించి ఈ ప్రాంగణానికి ప్రాణం పోసింది. ఇక్కడి మెట్లబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో పురస్కారం కూడా దక్కింది. ఈ కథలన్నీ తెలుగులో చెప్పే గైడ్లు ప్రతి గేటు దగ్గరా ఉండాలి.

సందర్శకులను ఇబ్బంది పెట్టే సంగతి ఇంకొకటుంది. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్, పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం, మూడింటికీ శుక్రవారమే సెలవు. ఆ ఒక్క రోజే చేతిలో ఉన్నవాళ్లు పాతబస్తీలో తాళాలు చూసి వెనక్కి రావాల్సిందే. మొదటిది కేంద్రం కిందిది, మిగతా రెండూ ట్రస్టుల చేతిలోవి కాబట్టి ఎవరికి వారు మార్చుకునే అవకాశం తక్కువ. రాష్ట్ర పర్యాటక శాఖే చొరవ తీసుకుని ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టాలి. ఒక్కటైనా శుక్రవారం తెరిచి ఉండేలా వచ్చే పర్యాటక సీజన్‌లోపే ఒప్పించాలి. అప్పటిదాకా శుక్రవారం దిగే చుట్టాలకు మొదట గోల్కొండ, చార్మినార్ చూపించి, సాలార్‌జంగ్‌ను శనివారానికి ఉంచండి.