సీజే ఈత మర్చిపోయాడు

పది నెలల ఈఎంఐ మీద సెకనుకి 144 సార్లు బొమ్మ మార్చగల 144 హెర్ట్జ్ మానిటరూ, దానికి తగ్గ గ్రాఫిక్స్ కార్డూ కొన్నాను. అట్టపెట్టెలు ఇంకా హాల్లోనే ఉన్నాయి. ఇంతా చేసి మొట్టమొదట ఇన్‌స్టాల్ చేసింది ఏంటయ్యా అంటే 2005లో పీసీకి వచ్చిన జీటీఏ శాన్ ఆండ్రియాస్ అనే ఆట, అందులో హీరో పేరు సీజే. హాస్టల్లో నలుగురం ఒక్క కీబోర్డు మీద వంతులేసుకుని ఆడాం, అందుకే ఎవరికీ పూర్తి కాలేదు.

డిస్‌ప్లే సెట్టింగుల్లో ఫ్రేమ్ లిమిటర్ ఆన్‌లో ఉంది. అది ఆటని సెకనుకి సుమారు 25 ఫ్రేముల దగ్గర, అంటే తెరమీద వరసగా మారే 25 బొమ్మల దగ్గర కట్టేస్తుంది. ఇంత డబ్బు పోసింది 25 ఫ్రేములు చూడ్డానికా? ఆఫ్ చేసిపారేశా. అబ్బ, వీధులకి నెయ్యి రాసినట్టుంది! ఇంటర్ చదివే మా అక్క కొడుకుని పిలిచి మరీ చూపించాను.

అలా అలా ఆడుకుంటూ వెళ్తే ఓడ మిషన్ వచ్చింది. రాత్రిపూట ఈదుకుంటూ వెళ్లి దొంగచాటుగా ఓడెక్కాలి, దానికి ముందే నీళ్లలో ఊపిరి బిగబట్టడం సాధన చేసి ఉండాలి, అదో యోగా క్లాసు. సరే, దూకాను. సీజే చేతులు ఆడుతున్నాయి, నీళ్లు చిమ్ముతున్నాయి, మనిషి మాత్రం ఉన్నచోటే ఉన్నట్టున్నాడు. స్పేస్‌బార్ కొట్టీ కొట్టీ బొటనవేలు వాచింది. కీబోర్డు పాడైందేమోనని తిరగేసి దులిపితే సగం బిస్కెట్ రాలింది కానీ ఈత మాత్రం రాలేదు. గ్రాఫిక్స్ కార్డుని నడిపించే సాఫ్ట్‌వేర్, అదే డ్రైవర్లు, కూడా అప్‌డేట్ చేశాను, అదేదో సీజేకి కోచింగ్ ఇప్పించినట్టు.

మావాడు కాసేపు చూసి, "మామయ్యా, ఈయన ఈదుతున్నాడా, నానబెట్టావా?" అన్నాడు.

తర్వాత వాడే ఫోన్లో వెతికి చెప్పాడు. పాత ఆటల్లో కొన్ని లెక్కలు సెకన్లని బట్టి కాకుండా ఫ్రేములని బట్టి ఉంటాయట. నాకు అర్థమైంది ఇదీ: మేస్త్రి రోజుకింత పని అని లెక్కేసుకుని కూర్చుంటే, సూర్యుడు ఒక్క రోజులోనే ఆరుసార్లు ఉదయించాడనుకోండి, ఇక ఆ లెక్క ఏ గంగలో కలుస్తుంది? 25 అనుకున్న చోట నేను 144 తెచ్చిపెట్టాను మరి. మరీ పాత ఆటలకే ఈ జబ్బు అనుకోకండి, 2011 నాటి స్కైరిమ్‌లో కూడా 60 దాటితే మొదట్లో ఖైదీల్ని తీసుకెళ్లే బండి పల్టీలు కొడుతుందని వాడు వీడియో చూపించాడు. తల నరికే చోటు దాకా కూడా వెళ్లనివ్వరు పాపం!

సరే, గుట్టుగా లిమిటర్ ఆన్ చేశా. 144 హెర్ట్జ్ మానిటర్ మీద 25 ఫ్రేములు. సీజే చేపపిల్లలా దూసుకుపోయాడు, ఓడ దగ్గరికి చేరాడు, నేను ఆత్రంగా తల పైకెత్తించాను, కాపలావాళ్లు చూసేశారు, మిషన్ ఫెయిల్.

"ఇప్పుడేమైంది మామయ్యా?"

"ఫ్రేములు తక్కువయ్యాయిరా," అన్నాను.