రింగ్‌కి తాడు కట్టి బాస్కెట్‌బాల్ సదస్సు

ఇప్పుడే గ్రౌండ్ నుంచి వచ్చాను. ఒళ్లు మండిపోతోంది. అన్నం కూడా సయించడం లేదు, అందుకే ఇక్కడ కక్కేస్తున్నాను.

ఈ సాయంత్రం మా కాలేజీ పిల్లలకి ప్రాక్టీస్ లేదు. కోర్టు నిండా షామియానా, కుర్చీలు. ఏంటయ్యా అంటే, ‘విదేశాల్లో ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ కెరీర్ - అవగాహన సదస్సు’ అట! ఆట గురించి చెప్పడానికి ఆట ఆపించారు. పైగా షామియానా తాడు తీసుకెళ్లి రింగ్‌కే కట్టారు. ఆ రింగ్ 2018లో తిత్లీ తుపానుకి వంగింది. ఇప్పటిదాకా సరిచేసిన నాథుడు లేడు. నెట్ ఎప్పుడో పోయింది, కొక్కేలకి నాలుగు నైలాన్ పోగులు మిగిలాయి. ఇవాళ తాడు లాగుడుకి ఇంకాస్త కిందికి దిగింది. మంచిదే లెండి, ఇక పొట్టివాళ్లు కూడా డంక్ కొట్టేసి స్పెయిన్ వెళ్లిపోవచ్చు.

స్పీచ్‌ల సంగతి మీకు తెలియంది కాదు. మన శ్రీకాకుళం జిల్లాలో ఏ ఆటల మీటింగైనా మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు గారితో మొదలై కరణం మల్లీశ్వరి గారితో ముగియాల్సిందే. 2000లో సిడ్నీలో ఆవిడ 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. అప్పట్నుంచీ వీళ్లు ఎత్తుతున్నది ఆవిడ పేరొక్కటే.

తర్వాత విశాఖ నుంచి దిగిన నిపుణుడు గారు మైకు అందుకున్నారు. మైండ్‌సెట్ అట, నెట్‌వర్కింగ్ అట. స్క్రీన్ మీద సత్నామ్ సింగ్ ఫొటో. 2015లో డల్లాస్ మావెరిక్స్ జట్టు 52వ పిక్‌గా తీసుకుంది, ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్తవాళ్లని వరసగా ఎంచుకునేచోట, ఎంపికైన మొదటి భారతీయుడు, చప్పట్లు! బాగుంది. ఆయన ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదని ఎందుకు చెప్పలేదు స్వామీ? ఏడడుగుల రెండంగుళాల మనిషి, చిన్నప్పుడే లూథియానా అకాడమీలో చేరి, 2010లోనే ఫ్లోరిడా వెళ్లి శిక్షణ తీసుకున్న మనిషి. ఆయనకే అంత కష్టమైంది. మా వాళ్లు బంతి పట్టేదే డిగ్రీ ఫస్టియర్‌లో, అదీ ‘పొడుగ్గా ఉన్నావు, రా’ అని పీడీ మాస్టారు పిలిస్తే.

వెళ్లొద్దని నేననడం లేదు. విశేష్ భృగువంశీ 2017లో ఆస్ట్రేలియాలో అడిలైడ్ 36ఎర్స్ క్లబ్‌తో ఒప్పందం చేసుకున్నాడు. కానీ అప్పటికే ఏళ్ల తరబడి ఇండియా జెర్సీ వేసుకున్నవాడు. అసలు పోటీ ఎవరితోనో చెప్పాలి కదా! అమెరికాలో కాలేజీ ఆటల పై అంచె డివిజన్ వన్‌లోనే 350కి పైగా కాలేజీలున్నాయి. ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో తీసుకునేది ఏడాదికి మహా అయితే 60 మందిని. మిగిలినవాళ్లలో ఆట వదలనివాళ్లు టర్కీ, గ్రీస్, ఇజ్రాయెల్, జపాన్ అని బయల్దేరతారు. ఆ లీగుల్లో విదేశీ ఆటగాళ్లకి కోటా ఉంటుంది, ఆ కొద్ది సీట్ల కోసమే వాళ్లందరూ. ఆ క్యూలో మా పలాస కుర్రాడు ఎక్కడ నిలబడాలి?

సదస్సులో అవేవీ చెప్పలేదు. త్రీ పాయింట్ లైన్‌ని 2010లోనే 6.25 నుంచి 6.75 మీటర్లకి జరిపారు. మా కోర్టు మీద ఇప్పటికీ పాత గీతే. మా వాళ్లు ఆ గీత మీంచి త్రీలు వేసి మురిసిపోతారు, బయట టోర్నమెంట్‌కి వెళ్తే అవి రెండేసి పాయింట్లు. డబ్బా పెయింట్ కొనలేనివాళ్లు యూరప్ దారి చూపిస్తున్నారు! విదేశీ క్లబ్ అడిగేది పూర్తి మ్యాచ్ వీడియో. మా మ్యాచ్‌లకి స్కోర్ షీటే మర్నాటికి దొరకదు. దేశం మారి ఆడాలంటే మన ఫెడరేషన్ నుంచి క్లియరెన్స్ లెటర్ కావాలి. జీతం ఎగ్గొడితే ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు, కానీ ఆ మాట కాంట్రాక్టులో రాసుండాలి. ఇవి చెప్పడానికి పావుగంట చాలు.

మా పాయింట్ గార్డ్ (కోర్టులో ఆట నడిపించేవాడు) ఒకడు లేచి, “సార్, ఏజెంట్‌కి డబ్బులు ఎవరివ్వాలి?” అని అడిగాడు. జవాబేంటో తెలుసా? “ఇన్వెస్ట్‌మెంట్ అనుకో తమ్ముడూ.” ఫిబా లైసెన్సున్న ఏజెంట్‌కి కమీషన్ ఒప్పందం కుదిరాక వస్తుంది, చాలాసార్లు క్లబ్బే కడుతుంది. ముందే చెయ్యి చాపేవాడు ఏజెంటే కాదు.

ఏజెంట్ అనే మాట వినగానే నా బీపీ ఎందుకు లేస్తుందో ఉద్దానం వాళ్లకి వేరే చెప్పాలా! మా చిన్నాన్న కొడుకు వెల్డర్. తిత్లీకి జీడితోట, కొబ్బరి చెట్లు నేలమట్టమయ్యాక గల్ఫ్ అన్నాడు. రిజిస్టర్డ్ ఏజెంట్ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకుమించి తీసుకోకూడదని రూలుంది. వీడి దగ్గర లక్షన్నర లాగి విజిట్ వీసా చేతిలో పెట్టారు. అక్కడ ఏడు నెలలు దొంగలా దాక్కుని పనిచేశాడు. తిరుగు టికెట్‌కి మా పిన్ని పుస్తెలతాడు తాకట్టులోకి వెళ్లింది. స్టేషన్‌కి వెళ్తే, “పెద్దమనుషుల్లో మాట్లాడుకోండి” అన్నారు.

ఇవాళ సదస్సు ఫ్లెక్సీ మీద స్పాన్సర్ అని పెద్ద ఫొటో వేశారు చూడండి, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని. ఆ లక్షన్నర లెక్కపెట్టుకున్నవాడు వాడే! అప్పుడు వెల్డర్లు, ఇప్పుడు పాయింట్ గార్డులు. సరుకు మారింది, కౌంటర్ అదే. ప్రిన్సిపాల్ గారే లేచి నిలబడి శాలువా కప్పారు. పేరు రాస్తే రేపు నా మీదే కేసు పెడతాడు, మా ప్రాంతం వాళ్లకి పేరు అక్కర్లేదు కూడా.

ఇది రాస్తుండగానే ఆ పాయింట్ గార్డ్ నాన్న ఫోన్. “మాస్టారూ, రిజిస్ట్రేషన్‌కి పదివేలు కట్టమంతన్నారు, ఏటి సెయ్యమంటారు?” అని. చెప్పాల్సింది చెప్పాను. అది యథాతథంగా ఇక్కడ రాస్తే ఫేస్‌బుక్ వాడు పోస్ట్ పీకేస్తాడు.