తుప్పు పట్టిన గ్రిల్లునూ చూపించండి

మంచి ఫోటోలు, వీడియో ఉంటే ఇల్లు త్వరగా అమ్ముడవుతుందని మీరు ప్రచురించిన వ్యాసంలో రాశారు. నిజమే. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మా అమ్మగారి ఫ్లాట్‌కు మొదట రాత్రిపూట ట్యూబులైటు వెలుతురులో తీసిన ఫోటోలు పెట్టాం. ఒక్కరూ ఫోన్ చేయలేదు. తర్వాత ఉదయాన్నే కర్టెన్లు తీసేసి, వంటగట్టు మీది సామాన్లు సర్ది, ఫోనును ఛాతీ ఎత్తులో పైకీ కిందికీ వంచకుండా పట్టుకుని మళ్లీ తీశాను. ఆ వారంలోనే నలుగురు చూడడానికి వచ్చారు.

అయితే కొనడానికి వెళ్లినప్పుడు పడ్డ బాధ కూడా చెప్పాలి. రుషికొండ దగ్గర ఒక ఫ్లాట్ హాలు వీడియోలో కల్యాణమండపమంత కనిపించింది. వెళ్లి చూస్తే, సోఫా వేశాక మనిషి నడవడానికి దారి లేదు. వెడల్పు లెన్సు ఎదుటి గోడను దూరంగా జరిపి చూపిస్తుంది. బాల్కనీలోంచి సముద్రాన్ని చూపించారు గానీ, ఉప్పుగాలికి తుప్పు పట్టి పొరలు లేచిన గ్రిల్లును చూపించలేదు.

వీడియోను గుమ్మం దగ్గర మొదలుపెట్టి, ఎక్కడా కత్తిరించకుండా ప్రతి గదిలోకీ నడిచి తీయండి. గదుల కొలతలు, కార్పెట్ ఏరియా (ఇంటి లోపల వాడుకునే స్థలం) రాయండి. కొత్త ప్రాజెక్టుల్లో కొనేవారికి 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం అండ ఉంది. తప్పుడు ప్రకటన నమ్మి అడ్వాన్సు ఇచ్చి నష్టపోతే, 12వ సెక్షన్ ప్రకారం బిల్డరు పరిహారం చెల్లించాలి. కొనుగోలు వద్దనుకుంటే సొమ్మును వడ్డీతో తిరిగివ్వాలి. పాత ఫ్లాటును యజమాని అమ్ముతుంటే ఆ సెక్షన్ అక్కరకు రాదు.

ఆ గ్రిల్లు ఫోటో ముందే పెట్టి ఉంటే ధర సంగతి ఫోన్‌లోనే మాట్లాడుకునేవాళ్లం. ముసలి తల్లిని వెంటబెట్టుకుని గాజువాక నుంచి అంత దూరం వెళ్లే పని తప్పేది.