సవరణ: భంగుకు మినహాయింపు ఎక్కడి నుంచి వచ్చింది?

హోలీకి ముందు రాసిన టపాలో, 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం సాధువుల ఆచారాన్ని గౌరవించి భంగును, అంటే గంజాయి మొక్క ఆకుతో చేసే మత్తు పదార్థాన్ని, వదిలిపెట్టిందని రాశాను. అది తప్పు, అందుకు పాఠకులను క్షమాపణ కోరుతున్నాను. ఆ చట్టంలో మతాచారం పేరిట ఎవరికీ మినహాయింపు లేదు. ఆ మొక్కకు పూత లేదా కాయ పట్టిన కొనలనే గంజాయిగా నిర్వచించి, ఆ కొనలతో కలవని ఆకులనూ గింజలనూ అది పక్కన పెట్టింది. భంగును ఆకు నూరి చేస్తారు కాబట్టి అది కేంద్ర చట్టానికి బయట, రాష్ట్రాల ఎక్సైజ్ చట్టాల అదుపులో మిగిలింది. ఈ నిర్వచనం మాదకద్రవ్యాలపై 1961 నాటి అంతర్జాతీయ ఒప్పందంలోనూ ఉంది. గంజాయి వైద్యేతర వాడకాన్ని మాన్పించడానికి ఆ ఒప్పందం 25 ఏళ్ల గడువు ఇచ్చింది, ఆ గడువులోపే మన చట్టం వచ్చింది.

కనుక బేగంబజార్‌లో ఎవరైనా ఠండాయి అనే చల్లని పాల పానీయంలో భంగు కలిపి ఇస్తే అది చట్టసమ్మతమేనని నా టపా చదివి అనుకోవద్దు. చిలుములో నింపే గంజాయికైతే, శివుడి పేరు చెప్పినా శిక్ష తప్పదు.

అదే టపాలో, ఆంగ్లేయులు గంజాయిని నిషేధించారన్న మాట కూడా సరికాదు. వారు లైసెన్సులిచ్చి సుంకం వసూలు చేశారు. గంజాయి వాడకంపై 1893–94లో విచారించిన వారి కమిషన్, శైవుల ఆచారాల్లో ఈ మొక్కకున్న స్థానాన్ని నమోదు చేసి, మితమైన వాడకంతో పెద్ద హాని లేదని భావించి, నిషేధానికి బదులు సుంకాలతో, లైసెన్సులతో కట్టడి చేయమని సూచించింది. భక్తుల మనోభావాలతో పాటు ఖజానా ఆదాయమూ ఆ విధానంలో భాగమేనని నేను అప్పుడే చెప్పవలసింది.