ఆషాఢం సేల్‌కు ఎవరి కొలబద్ద?

ఆషాఢం వస్తే బెజవాడ బీసెంట్ రోడ్డులో కాలు పెట్టడానికి సందుండదు. పెళ్లిళ్లు లేని నెలలో బేరాలు పడిపోవాలి. మన దుకాణాలవాళ్లు డిస్కౌంట్ బోర్డు తగిలించి దాన్నే సీజన్ చేసుకున్నారు. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి కట్టే చీర ఇప్పుడే బీరువాలోకి చేరుతుంది. ఎంచేది అత్తగారు, కట్టేది కోడలు, డబ్బిచ్చేది మరొకరు. వీళ్లలో కొనుగోలుదారు ఎవరు?

మార్కెటింగ్ ఆచార్యులు ఏళ్లకేళ్లు వెచ్చించేది ఇలాంటి ప్రశ్నల మీదే. 1938లో రంగూన్‌లో పుట్టిన జగదీష్ సేథ్ అమెరికాలో స్థిరపడి, జాన్ హోవర్డ్‌తో కలిసి 1969లో కొనుగోలుదారు ప్రవర్తన సిద్ధాంతంపై పుస్తకం రాశారు. 2020లో ఆయనకు పద్మభూషణ్ ప్రకటించారు. దేశాల సంస్కృతులను అంకెల్లో పోల్చిన డచ్ పరిశోధకుడు గీర్ట్ హాఫ్‌స్టెడ్ 1980 నాటి పుస్తకానికి ఆధారం కంప్యూటర్ల కంపెనీ ఐబీఎం ఉద్యోగుల జవాబులు. ఆఫీసు ఉద్యోగుల మాటలతో కట్టిన కొలతను మిర్చి యార్డు రైతుకు పెట్టేముందు కాస్త ఆలోచించాలి కదా!

మన ఎంబీఏ ప్రాజెక్టుల్లో ఆ ఆలోచన తక్కువ. పరాయి ప్రశ్నావళిని దింపుకోవడం, హాస్టల్ స్నేహితులతో గూగుల్ ఫారం నింపించడం, అయిందనిపించడం. తెలుగులోకి మార్చినా చిక్కు తీరదు. అనువాదాన్ని మరొకరి చేత తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్పించి సరిచూసే పద్ధతిని 1970లో రిచర్డ్ బ్రిస్లిన్ వివరించారు. మంచి పద్ధతే. కానీ ‘మేము’, ‘మనం’ రెండూ ఇంగ్లిష్‌కు వెళ్లేసరికి ఒకే మాటైపోతాయి. ఎదుటి మనిషిని కలుపుకోవడానికీ, పక్కన పెట్టడానికీ ఉన్న తేడా ఆ జల్లెడకు దొరకదు. ‘మనవాళ్లకు ఇదే బాగుంటుందమ్మా’ అని సేల్స్‌మన్ చీర మడత విప్పేది ఆ తేడా తెలిసే!

ఇక ‘అస్సలు బాగోలేదు’ నుంచి ‘చాలా బాగుంది’ దాకా అయిదు గడులుండే అయిదు పాయింట్ల స్కేలు. సర్వీసు ఎలా ఉందంటే ‘బాగానే ఉంది’ అంటారు. ఆ ‘నే’లో ఎంత మొహమాటం ఉందో ఏ గడిలో టిక్ పెట్టాలి?

ఇటు బీసెంట్ రోడ్డు, అటు గుంటూరు పట్నం బజారు, మధ్యలో 1976లో ఏర్పడిన నాగార్జున విశ్వవిద్యాలయం. ఇంత దగ్గర ప్రయోగశాల ఏ ఆచార్యుడికి దొరుకుతుంది? తెలుగులోనే ప్రశ్నలు తయారుచేసి, దుకాణం గుమ్మం దగ్గర కుటుంబాన్నంతా కూర్చోబెట్టి అడిగే పరిశోధనకు రెండు జిల్లాల కాలేజీలూ మార్కులివ్వాలి. అధ్యాపకుల ప్రమోషన్లలోనూ ఆ పనిని లెక్కలోకి తీసుకోవాలి. విదేశీ జర్నల్లో వ్యాసం వస్తే సంతోషమే, దాని సారాంశం నాలుగు పేజీల తెలుగులో వన్‌టౌన్ వర్తకుడికి కూడా అందాలి. వచ్చే ఆషాఢానికి ముందే ఆ ప్రశ్నావళి సిద్ధం కావాలి. సేల్ మొదలైతే దుకాణాల్లో మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు.